శుక్రవారం పదిన్నరకి స్టార్ట్ చేసే బండి

మా ఆయన కువైట్‌లో ఒక పెద్దింటికి డ్రైవరు. ఆ ఇంటి బళ్ళు ఒక్కోటి మా వీధి గేటులో పట్టనంత ఉండేవి. వెనక సీట్లో ఉన్నవాళ్ళ నిద్ర చెడకుండా వాటిని నడపడమే ఆయన ఉద్యోగం. అందుకేనేమో, తనకంటూ కొనుక్కున్నప్పుడు చిన్నదీ, పొగరుబోతుదీ కొనుక్కున్నారు. ఎర్ర హ్యాచ్‌బ్యాక్. టర్బో ఇంజను, ఆరు గేర్లు, నల్ల చక్రాలు, వెనకాల రెండు సైలెన్సర్ గొట్టాలు, నేలకి జానెడెత్తు. "ఆ డబ్బుకి పెద్దదొచ్చేది కదండీ, ఇంటిల్లిపాదీ ఎక్కేవాళ్ళం" అన్నాను. "పెద్దవి రోజూ తోల్తున్నానే. ఇది నాది" అన్నారు.

రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు. ఆ నలభై రోజులూ బండి ఆయనది, ఆయన బండివారు. నా వంతు ఏమైనా మిగిలితే అప్పుడు నాకు. మిగతా కాలమంతా అది కొబ్బరికాయ రాలని మూల వెతికి వేయించిన రేకుల షెడ్డులో, గుడ్డ కప్పుకుని ఉండేది. మా రాజోలు వైపు గల్ఫ్ వాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. మనిషి అక్కడ, బండి ఇక్కడ. బ్యాటరీ పడిపోకుండా వారానికోసారి ఎవరో ఒకరు స్టార్ట్ చేసి పెట్టాలి.

మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే. చివరిసారి వెళ్ళేటప్పుడు తాళం నా చేతిలో పెట్టి మరీ చెప్పారు. "శుక్రవారం శుక్రవారం పదిన్నరకి ఫోన్ చేస్తాను. స్టార్ట్ చేసి వినిపించు. పది నిమిషాలు చాలు. గేరు మాత్రం ముట్టుకోకు. మీటరు ఎనిమిది వేల రెండొందల నలభై దగ్గరుంది. నేనొచ్చేసరికి అక్కడే ఉండాలి." నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మీటరుని ఫోనులో ఫొటో తీసుకుని మరీ విమానం ఎక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేమైనా దొంగనా?

శుక్రవారం అక్కడ ఎనిమిది గంటలు, ఇక్కడ పదిన్నర. యజమాని ఇంట్లో లేచేవరకూ ఆయనకి తీరికే. నేను స్టార్ట్ చేసి, ఫోను పట్టుకెళ్ళి సైలెన్సర్ దగ్గర పెట్టేదాన్ని. అటు నుంచి చప్పుడు లేదు. కళ్ళు మూసుకుని వినేవారట. "కొంచెం యాక్సిలేటర్ ఇవ్వు" అనేవారు. ఇచ్చేదాన్ని. "చాలు, చాలు. మీటరెంతుంది?" "ఎక్కడికి పోతుందండీ? ఎనిమిది వేల రెండొందల నలభై." "ఆయ్." ఆ తరవాతే నేనెలా ఉన్నానో అడిగేవారు.

ఆరు నెలలకి బ్యాటరీ పోనే పోయింది. కొత్తది బిగించడానికి రాజోలు నుంచి వచ్చిన మెకానిక్కు బండి చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు. "నిలబెట్టి స్టార్ట్ చేస్తే సరిపోదండి. టైర్లు ఒక పక్కే చదునైపోతాయండి. వారానికి నాలుగు కిలోమీటర్లైనా తిప్పాలండి, ఆయ్." ఈ ముక్క ఆయనకి చెబితే ఏమంటారో నాకు తెలుసు. ఇంకో మనిషిని పెట్టి తోయించమంటారు, నన్ను తోలమనరు. అందుకని చెప్పలేదు. జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బులతో రాజోల్లో డ్రైవింగ్ స్కూల్లో చేరాను.

పాతికేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు నావి. ఎంత నొక్కితే ఎంత కదులుతుందో వాటికి వేరే చెప్పక్కర్లేదు. నేర్పే అబ్బాయి ఇరవై రోజులు అనుకున్నది పన్నెండు రోజుల్లో అయిపోయింది. పదమూడో రోజు గుడ్డ తీసి, మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎర్రబండిని గేటు దాటించాను. ఆవిడ సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని, వీధి చివరిదాకా వేంకటేశ్వర స్వామిని పిలిచారు. మెయిన్ రోడ్డు ఎక్కాక, "ఏవమ్మా, ఆ ఆటో వెనకాలే పోతావేంటి, దాటించు" అన్నారు. ఇంక చూస్కోండి.

నాకు ఆ బండి మీద పిచ్చి పట్టింది. ఈ మాట సిగ్గు లేకుండా రాస్తున్నాను. మొదట్లో నాలుగు కిలోమీటర్లు. తరవాత దిండి దాకా. తరవాత చించినాడ వంతెన ఎక్కి, గోదావరి దాటి, అవతల తిప్పుకుని మళ్ళీ ఇవతలికి. మూడో గేరులో కాలు నొక్కితే ఒక్క క్షణం ఆలోచిస్తుంది, ఆ మీదట వెనకనుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోస్తారు. కాలవ గట్టు మలుపుల్లో గేరు దించేటప్పుడు యాక్సిలేటర్‌ని చిన్నగా తడితే కుదుపు లేకుండా దిగుతుందని ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. స్పీడ్ బ్రేకర్లు మాత్రం ఏడిపించేవి. తిన్నగా ఎక్కితే కింద గీరుకుంటుంది, ఏటవాలుగా ఎక్కించాలి. దాళ్వా కోతలప్పుడు రోడ్డుకి సగం ధాన్యం ఎండబోసి అంచున రాళ్ళు పెడతారు కదా, ఆ రాళ్ళ పక్కనుంచి జాగ్రత్తగా తీస్తుంటే ధాన్యం తిరగేసే ఆడవాళ్ళు నడుం పట్టుకుని నిలబడి చూసేవారు. "ఎవరమ్మా అది, గల్ఫాయన పెళ్ళామే!" అని ఒకావిడ అరిచింది. నాకు ఆ రోజంతా ఒకటే సంబరం.

అంత గొప్ప సంతోషాన్ని ఆయనకి చెప్పుకోలేకపోవడమే బాధ. ప్రపంచంలో ఆ బండి గురించి మాట్లాడుకోవడానికి నాకున్నది ఆయనొక్కరే. ఆయనకేమో అబద్ధం చెబుతున్నాను. శుక్రవారం పదిన్నరకల్లా చక్రాలు కడిగి, గుడ్డ కప్పి, ఏమీ ఎరగనట్టు షెడ్డులో నిలబడేదాన్ని. మీటరు పధ్నాలుగు వేలు దాటినా నోటి నుంచి ఎనిమిది వేల రెండొందల నలభయ్యే వచ్చేది. అత్తగారు లోపల్నుంచి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఒక శుక్రవారం దాదాపు దొరికిపోయాను. అప్పనపల్లి గుడికి వెళ్ళి వచ్చేసరికి పది ఇరవై అయింది. గుడ్డ కప్పి, ఫోను రాగానే తీసి, స్టార్ట్ చేశాను. ముందు భాగంలో ఇంజనుని చల్లబరిచే ఫ్యాను ఒక్కసారి హోరుమని తిరగడం మొదలెట్టింది. అటు నుంచి ఆయన, "ఫ్యాన్ తిరుగుతోందేంటి?" అన్నారు. "ఎండలండీ ఇక్కడ. రేకులు కాలిపోతున్నాయి." కాసేపు మాట లేదు. "ఆయ్, ఎండలు ముదిరేయి" అన్నారు. బతికిపోయాననుకున్నాను.

సెలవు దగ్గర పడింది. ఇంకో నెలలో వస్తారు, వచ్చి మొదట మీటరే చూస్తారు. చూసేముందే నేను చెప్పాలి. నా నోటితో చెబితే తిడతారు, తరవాత నవ్వుతారు. చూసి తెలుసుకుంటే మాత్రం చిన్నబోతారు. ఆ శుక్రవారం పదిన్నరకి చెప్పెయ్యాలని నిశ్చయం చేసుకున్నాను. చెప్పేముందు ఒక్కసారి వంతెన దాకా వెళ్ళొస్తే ధైర్యం వస్తుందనిపించింది. తొమ్మిదిన్నరకి బయల్దేరాను.

రోడ్డు ఖాళీగా ఉంది. ఇది రాయాలి. లారీ అడ్డం రాలేదు, ధాన్యం లేదు, టైరు పంచరవలేదు. గోదావరి మీద గాలి, తెరిచిన అద్దాలు, సైలెన్సర్ల చప్పుడు. వంతెన దాటి తిప్పుకునేసరికి పది. ఇంటికొచ్చేయొచ్చు. ఇవతలికి వచ్చాక మళ్ళీ తిప్పాను. ఇంకొక్కసారి, అంతే, అనుకున్నాను. నా కోరికే నాకు అడ్డం వచ్చింది. ఫోను వెనక సీట్లో బ్యాగులో ఉంది.

ఇంటికి వచ్చి చూసుకుంటే పదకొండు. పదిన్నరకి ఒక మిస్డ్ కాల్. ఒక్కటే. నేను చేస్తే ఎత్తలేదు. అలిగారనుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ. పన్నెండు కావస్తుండగా ఎత్తారు, ఎవరిదో గొంతు. ఆయనతో ఒకే గదిలో ఉండే ముమ్మిడివరం అతను. "చెల్లెమ్మా" అని ఆగిపోయాడు. గుండె ఆగిపోయిందట. గదిలో ఎవరూ లేనప్పుడు.

పన్నెండు రోజులకి ఆయన్ని పెట్టెలో తీసుకొచ్చారు. అంబులెన్సు లోపలికి రావాలంటే ఎర్రబండి తీయాలి. షెడ్డు ముందు చుట్టాలందరూ, ఎవరు తీస్తారు, ఎవరికి వచ్చు అని ఒకటే గొడవ. నేను లేచి తాళం తీసుకుని వెళ్ళి కూర్చున్నాను. సీటు నాకు సరిపడా ముందుకే ఉంది, మీటరు పంతొమ్మిది వేల పైన ఉంది. ఒక్క దెబ్బలో వెనక్కి తీసి, గేటులోంచి వీధి పక్కన పెట్టాను. ఏడుస్తున్న వాళ్ళు కూడా ఏడుపు ఆపి చూశారు. "తోలుద్ది. ఏడాదిన్నర నించీ తోలుతూనే ఉంది" అన్నారు అత్తగారు, ఏడుస్తూనే.

ఆ తరవాత అయిదు నెలలు నేను బండి నడపలేదు. శుక్రవారం పదిన్నరకి స్టార్ట్ మాత్రం చేసేదాన్ని. ఎందుకని అడిగితే ఏం చెప్పను? చెయ్యకుండా ఉండలేకపోయేదాన్ని. షెడ్డులో నిలబడితే అటు ఎవరో వింటున్నట్టే ఉండేది. "చాలు, చాలు" అనేదాకా ఆపబుద్ధి అయ్యేది కాదు. ఎవరూ అనేవారు కాదు. ఒకసారి గంట నడిచింది, పొగ చూసి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. నేను ఫోను ఎత్తి ఉంటే ఆయన గొంతు మారడం నాకు తెలిసేది. అరిచేదాన్ని, ఎవరినైనా పిలవండని గోల పెట్టేదాన్ని. ఆ పదిన్నరకి నేను ఎక్కడున్నానో తెలియకుండానే ఆయన పోయారు. నాకు నిద్రలేని రోజులు అవి. అత్తగారు "అమ్మెయ్యమ్మా దాన్ని, నిన్ను తినేస్తోంది" అన్నారు. అమలాపురం నుంచి ఇద్దరు బేరానికి కూడా వచ్చారు. గుడ్డ తీయనివ్వలేదు.

అప్పుడు ముమ్మిడివరం అతను సెలవుకి వచ్చాడు, ఆయన బట్టల పెట్టె పట్టుకుని. నాలుగు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను, అడుగున విప్పని చిన్న ప్యాకెట్టు. కాఫీ ఇచ్చి, ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నాను. అతను గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"పదిన్నరకి చేసేడు చెల్లెమ్మా. మీరు ఎత్తలేదు. నవ్వేడు. బండి మీదుంటాది మనిషి, అన్నాడు."

"ఏ బండి?" అన్నాను.

"మీరు తోల్తారని మాకందరికీ తెలుసండి. ఎప్పట్నించో. ఒక శుక్రవారం మమ్మల్ని అందర్నీ పిలిచి ఫోను స్పీకర్లో పెట్టేడు. వినండ్రా, ఫ్యాన్ తిరుగుతోంది, చల్లటి ఇంజనుకి ఫ్యాన్ తిరగదు, మా ఆవిడ ఎక్కడికో వెళ్ళొచ్చింది, అన్నాడు. ఎంత మురిసిపోయేడో! తనే చెప్పాలి, నేనడగను, అనేవాడండి. మీరు ఎనిమిది వేల రెండొందల నలభై అనగానే ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి పడీ పడీ నవ్వేవాడు."

"మరి ఆ రోజు మళ్ళీ ఎందుకు చెయ్యలేదు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "నేనూ అదే అన్నానండి. ఇంకోసారి చెయ్యరా అన్నాను. ఒద్దొద్దు, అన్నాడు. తోల్తున్నప్పుడు ఫోను మోగితే అటు చూస్తాది, పక్కన కాలవ, అన్నాడు. అరగంట ఆగి చేస్తానన్నాడండి. నేను రొట్టెలకి వెళ్ళేను. వచ్చేసరికి ఫోను చేతిలోనే ఉంది."

ఆ అరగంట ఆయన నాకోసమే ఆగారు. నేను వంతెన మీద రెండోసారి వెళుతున్నంతసేపూ, నేను క్షేమంగా దిగాలని, ఫోను చేతిలో పట్టుకుని ఊరుకున్నారు. తెలియకుండా పోయారనుకుని అయిదు నెలలు ఏడ్చాను. తెలిసి పోయారని తెలిశాక ఆ ఏడుపు వేరు. అతను వెళ్ళిపోయాక ప్యాకెట్టు విప్పాను. కారు అద్దానికి అతికించి ఫోను పెట్టుకునే స్టాండు.

ఆ శుక్రవారం గుడ్డ తీసి, స్టాండు అతికించి, ఫోను అందులో పెట్టి బయల్దేరాను. అత్తగారు గేటు తీశారు, ఏమీ అడగలేదు. కాలవ గట్టు మలుపులన్నీ కాళ్ళకి గుర్తున్నాయి. వంతెన ఒక్కసారే దాటి వెనక్కొచ్చాను, దిండి వైపు దిగి రోడ్డు పక్కన ఆపి, ఇంజను కట్టేశాను. పది ఇరవై ఎనిమిది. ఫోను వైపే చూస్తూ కూర్చున్నాను. పదిన్నర అయింది. మోగలేదు. మోగదని తెలుసు, అయినా చూశాను.

అప్పుడు స్టార్ట్ చేశాను. ఇంజను వేడి మీదుంది, ఫ్యాను హోరుమని అందుకుంది. కొంచెం యాక్సిలేటర్ ఇచ్చాను.

"ఎండలు కావండీ," అన్నాను. "పంతొమ్మిది వేల ఆరొందల డెబ్బై రెండు."