తులసి హస్తవాసి

నరసన్నపేట హైవే పక్కన జగన్నాధం షావుకారి రైసుమిల్లులో దసరాకి మోటారుకు మొదటి బొట్టు పెట్టేది తులసే. అక్కడ చేటతో బియ్యం చెరిగి నల్లగింజలు ఏరే కూలి మనిషి. ఎప్పుడో షావుకారి భార్యకు ఒంట్లో బాగోక ఈమె చేత పెట్టిస్తే, ఆ ఏడంతా మోటారు మొరాయించలేదట. అంతే, హస్తవాసి మంచిదని పేరు పడిపోయింది. పేరుదేముంది, పైసా ఖర్చులేనిది!

కిందటి దసరాకి గింజలు ఏరే మిషను వచ్చింది. కెమెరాలతో నల్లగింజను పసిగట్టి, గాలితో ఊది అవతల పారేస్తుంది. "మీ నడుములకి సుఖం తులసమ్మా" అన్నాడు షావుకారు. పిచ్చిది, నమ్మింది. తలంటు పోసుకొచ్చి మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చింది. పక్కనే తన చేటను ఆనించి దానికీ ఓ బొట్టు పెట్టింది. రెండూ కలిసి పనిచేస్తాయనుకుంది మరి!

పండగ వెళ్లాక పనికి పోతే గేటు దగ్గరే ఆపేశారు. ఏరేవాళ్లు ఇక అక్కర్లేదట. బొట్టు కూడా చెరగని చేటను గేటు మీదుగా అందించారు.

"ఏం హస్తవాసే నీది! మీ అందరి రోజు పనీ మిషను గంటలో తేల్చేస్తోంది" అన్నాడు షావుకారు. మెచ్చుకున్నాననుకున్నాడు మహానుభావుడు! తోటి ఆడవాళ్లు మాత్రం, "నువ్వే కదే బొట్టెట్టి పిలిసినావు" అని ఆమెతో మాటలు మానేశారు.

అప్పట్నుంచీ ఇల్లు ఆమె మొగుడు గంగులు వీపు మీదే నడుస్తోంది. అదే మిల్లులో బస్తాలు మోసే కలాసీ అతను. ఈ దసరా ముందురోజు ఇంటికొచ్చి, గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఒసే, షావుకారు నిన్ను రేపు రమ్మన్నాడు. కొత్త మిషను దిగింది. నువ్వే బొట్టెట్టాలంట."

"ఏటి సేస్తాదది?"

గంగులు తల వంచుకున్నాడు. "బస్తాలు మోస్తాది."

తులసికి కడుపు మండిపోయింది. "నా కూడు నానే పోగొట్టుకున్నాను. నీ కూడు కూడా నా సేత్తోనే తియ్యాలా? నానెల్లను మావా!"

"ఎల్లకపోతే ముందు నన్నే తీసేస్తాడే. ఒకరిద్దర్ని ఉంచుతాడంట. సూద్దారి."

తెల్లారి తులసి మళ్లీ తలంటు పోసుకుని మిల్లుకెళ్లింది. కలాసీలంతా గోడవారన నిలబడి చూస్తున్నారు. వాళ్లలో గంగులూ ఉన్నాడు. అతని వైపే చూస్తూ కుంకం పెట్టేసరికి, బొట్టు వంకరపోయింది.

"తుడిచి సరిగ్గా పెట్టు తులసమ్మా" అన్నాడు షావుకారు. "మనస్ఫూర్తిగా పెట్టాలి."