రెండుసార్లు పోయిన అమ్మమ్మ

డాక్టరు అడిగింది చిన్న ప్రశ్నే.

"మీ అమ్మగారి వైపు ఆడవాళ్ళలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నెలలో రెండుసార్లు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిన చెల్లెలు పక్కనున్న అన్న వైపు చూసింది. అన్న గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. అమ్మమ్మ చిన్న వయసులోనే పోయిందని ఇద్దరికీ తెలుసు. దేనితో పోయిందో ఇద్దరికీ తెలియదు.

"కనుక్కోండి. ఏ పరీక్షలు చేయాలో దాన్నిబట్టి చూద్దాం" అన్నాడు డాక్టరు.

అన్నకు అరవై ఏడేళ్ళు. నలభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసి బతికినవాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బైండరుగారే. పని మానేసి ఏడేళ్ళయినా చూపుడువేలి మీద సూది కాయ మాత్రం మెత్తబడలేదు.

వాళ్ళమ్మ పోయి పదేళ్ళు దాటింది. అడగడానికి మిగిలిన పెద్దదిక్కు ఎనభై నాలుగేళ్ళ పిన్ని ఒక్కతే. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"చిన్నమ్మ ఎలా పోయింది పిన్నీ?"

అమ్మమ్మను ఆ ఇంట్లో అందరూ చిన్నమ్మ అనే అనేవారు. అమ్మా అలాగే అనేది, పిన్నీ అలాగే అనేది. ఆవిడను చూసి ఎరగని మనవలకూ అదే అలవాటైంది.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలబడిపోయింది. మళ్ళీ లేవలేదు."

"అమ్మ ఒకసారి జ్వరమని చెప్పినట్టు గుర్తు."

"జ్వరమా? అదేం లేదు. మీ అమ్మవన్నీ కాకి లెక్కలు."

"పోనీ, అసలు పేరేమిటి?"

పిన్ని ఒలవడం ఆపి కాసేపు ఆలోచించింది. "చిన్నమ్మేగా" అంది.

మర్నాడు బైండరుగారు జనన మరణాల ఆఫీసుకు వెళ్ళాడు. ముడిలో పెన్సిలు దోపుకున్న గుమాస్తా, "పేరు చెప్పండి" అంది.

"చిన్నమ్మ."

"అది పిలుపు సార్. రాసుకున్న పేరు కావాలి. లేదా తేదీ."

"రెండూ లేవమ్మా."

"అయితే మీరు శ్మశానానికి వెళ్ళండి."

ఆయన ముఖం చూసి ఆమె నాలిక కరుచుకుంది. "అక్కడి పుస్తకం చూడమంటున్నాను సార్. పేరు తెలియకపోయినా ఏ సందు, ఎవరి తాలూకు అని రాస్తారు. తేదీ పట్టుకొస్తే మిగతాది నేను తీస్తాను."

శ్మశానం గేటు పక్క గదిలో పాత పుస్తకాలు రేకుపెట్టెల్లో ఉన్నాయి. తాతది తాళాలు చేసే పని. ఊరంతా ఆయన్ని తాళాలాయన అనేది. ఆ ఒక్క ముక్క పట్టుకుని బైండరుగారు మూడు రోజులు పేజీలు తిప్పాడు. పిన్ని లెక్క మీద నమ్మకం లేక చాలా ముందు నుంచే మొదలుపెట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం దొరికింది: "మూడో సందు, తాళాలాయన భార్య." ప్రాణం లేచివచ్చింది. తేదీ రాసుకుని లెక్క వేస్తే మళ్ళీ చతికిలబడింది. ఆ తేదీకి పిన్ని ఇంకా పుట్టనే లేదు. అమ్మకు మూడేళ్ళు.

పుట్టకముందే తల్లి పోయిన పిల్ల ఎక్కడైనా ఉంటుందా? ఆయన ముందుకు తిప్పుకుంటూ పోయాడు. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ అదే వాక్యం. మూడో సందు, తాళాలాయన భార్య.

"ఆ సందులో తాళాలు చేసేవాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళేమో" అన్నాడు కాపలాదారుతో.

కాపలాదారు కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. "ఇంటి నంబరు ఒకటేనండి."

"ఒకే ఆవిడ రెండుసార్లు ఎలా పోతుంది?"

"నా సర్వీసులో ఎవరూ రెండోసారి రాలేదండి" అన్నాడతను, చాలా మామూలుగా.

రెండు తేదీలూ పట్టుకుని బైండరుగారు మళ్ళీ గుమాస్తా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏం చెప్పాలో తనకే అర్థం కాలేదు. రెండో మరణం తేలిగ్గానే దొరికింది. పేరు గడిలో "తాళాలాయన భార్య", వయసు ముప్పై, కారణం గుండె ఆగడం. పిన్ని చెప్పింది నిజమే. మొదటిది తీసేసరికి, పేరు గడిలో మళ్ళీ "తాళాలాయన భార్య" అనే ఉంది, వయసు ఇరవై రెండు. ఆ తర్వాతి గడులు పుస్తకం నడుము దగ్గర కుట్టులోకి వెళ్ళిపోయాయి. అక్షరాల తలలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎవరు కుట్టారో గానీ సార్, చచ్చేలా బిగించారు. సగం రాత మింగేశారు" అంది గుమాస్తా.

బైండరుగారు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. అడుగున పక్కపక్కనే రెండు ముడులు. అలా వేసేవాడు ఆ ఊళ్ళో ఒక్కడే.

"నేనేనమ్మా" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట ఆ ఆఫీసువాళ్ళు రిక్షాలో గుట్టగా పంపిన పుస్తకాలవి. లోపలి అంచులు పొడి పొడిగా రాలుతుంటే, గట్టిగా ఉండాలని వేలెడు లోపలికి జరిపి కుట్టాడు. ఇక వందేళ్ళు ఊడదని ఆఫీసరు మెచ్చుకున్నాడు కూడా. లోపల ఏం రాసి ఉందో ఒక్క పేజీ చదవలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

విప్పడానికి ఇప్పటి ఆఫీసరు మొదట ఒప్పుకోలేదు. "రికార్డు చెడిపోతే ఎవరిది పూచీ?"

"కుట్టినప్పుడు నన్నే నమ్మారు కదండీ. మీ గుమాస్తా ఎదురుగానే విప్పి, ఆవిడ ఎదురుగానే కుడతాను."

రెండు రోజులు నానబెట్టి సరే అన్నాడు. బైండరుగారు అటకమీది సూదులు, సన్నకత్తి తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. తన దారం తానే ఒక్కొక్క పోగు కోశాడు. పేజీ మెల్లగా విచ్చుకుంది. గుమాస్తా వంగి చదివింది.

"కారణం విషజ్వరం. తెలియజేసినవారు, చనిపోయినామె చెల్లెలు." ఆమె తలెత్తింది. "ఎవరు సార్ ఈ చెల్లెలు?"

అమ్మకు కన్నతల్లి చెల్లెలు. అంటే చిన్నమ్మ. బైండరుగారు ఆ మాట పైకి అని, కత్తి బల్లమీద పెట్టేశాడు. అక్క పోతే ఆ ఇంటికి చెల్లెలు వచ్చింది. మూడేళ్ళ పిల్ల అప్పటికే ఆమెను చిన్నమ్మ అంటోంది, అలాగే అంటూ పోయింది. తర్వాత పుట్టిన పిన్ని అక్కను చూసి కన్నతల్లిని కూడా చిన్నమ్మ అనే పిలిచింది.

ఆ సాయంత్రం పిన్నికి చెప్పాడు.

"అయితే మీ అమ్మ నాకు అక్క కాదా?"

"ఎందుకు కాదు పిన్నీ? నాన్న ఒక్కడే. అమ్మవైపు చూసినా పెద్దమ్మ కూతురు."

"ఎటు తిప్పినా అక్కే కదా. మరి నువ్వెందుకురా అంత కంగారుపడుతున్నావు?"

ఒక అమ్మమ్మను వెతకబోతే ఇద్దరు దొరికారు, ఒకరి పేరూ దొరకలేదు. జ్వరమని అమ్మ ఆనాడే అంది. అంటే ఆమెకు తెలుసు. తెలిసీ బతికినన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదు? ఆ మాట పైకే అనేశాడు.

"చెబితే నేను వేరైపోతాననుకుందేమో" అంది పిన్ని.

అమ్మమ్మ చెల్లెలైనా రక్తసంబంధమేనని డాక్టరు గుండె పరీక్షలు చేయించాడు. కొట్టుకోవడంలో తేడా బయటపడింది. చెల్లెలికి చర్మం కింద చిన్న పరికరం అమర్చారు. ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. పిన్నిని కూడా చూపించుకోమంటే, ఎనభై నాలుగేళ్ళు కొట్టుకున్న గుండెకు ఇప్పుడు పాఠాలు చెప్పేదేమిటని కొట్టిపారేసింది.

బైండరుగారు మాత్రం వారానికి రెండు రోజులు ఆ ఆఫీసుకు వెళ్తున్నాడు. తను బిగించిన మిగతా పుస్తకాలు విప్పి, వదులుగా కుడుతున్నాడు. ఈసారి ప్రతి పేజీ చదువుతున్నాడు. పేరు గడిలో "ఫలానావారి భార్య" అని రాసినవి ఎన్ని ఉన్నాయో ఆయనకు లెక్క తప్పింది.