గోడకు తడి

మా అత్తగారు మొన్న మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. కాఫీ గ్లాసు పట్టుకుని లేపడానికి వెళ్లింది నేనే. ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆవిడకి ఇంకొన్నాళ్లు చేసే అదృష్టం నాకు లేకపోయిందని నా ఏడుపు.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో అందరికీ ఆవిడ మిరప చేలో మనిషిగానే తెలుసు. నాకు తెలిసింది పెరట్లో ఇటుకలు పేర్చిన మనిషి.

పెళ్లయిన కొత్తల్లో నాకు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం దిగలేదు. ఎవరు పలకరించినా అటు తిరిగి పడుకునేదాన్ని. అత్తయ్య ఓదార్చలేదు. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, దొడ్లో చిన్న చెరువు కడుతున్నాను. కలువలు వేద్దాం. ఇటుకలు అందించే మనిషి లేదు, లే" అన్నారు.

మేస్త్రిని పిలుద్దామని మా ఆయన అంటే, "మేస్త్రి అయితే రెండు రోజుల్లో కట్టేసి పోతాడు" అని కసురుకున్నారు. అందులో తప్పేముందో నాకప్పుడు అర్థం కాలేదు.

పడిపోయిన గొడ్ల సావిడి ఇటుకలు ఏరుకొచ్చాం. ఆవిడ తాపీ పట్టారు, నేను సిమెంటు కలిపాను. మోకాలెత్తు గోడ వంకరటింకరగా లేచింది. మా ఆయన చూసి, "ఇది చెరువా, కుడితి తొట్టా?" అన్నాడు. బిడ్డ పోయాక మొదటిసారి నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. అత్తయ్య చూడనట్టే ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ పోయారు.

అసలు తప్పు ఆ తరువాత జరిగింది. కట్టిన గోడ గట్టిపడేదాకా ఆరిపోకుండా నీళ్లు కొట్టడాన్ని ఆవిడ చేలో మాటతోనే 'తడి పెట్టడం' అనేవారు. మాటతో ఆగితే బాగుండేది. మిరపకి ఒక తడి పెట్టి కాస్త ఎండనిస్తే వేరు లోపలికి దిగుతుంది కదా, గోడనీ అలాగే ఎండలో వదిలేశారు. నీళ్లు నింపగానే పగుళ్లలోంచి కారిపోయి పెరడంతా బురద. నేను అక్కడే కూలబడి, "నాలో ఏదీ నిలవదత్తయ్యా" అన్నాను.

ఆవిడ చీర సంగతి చూసుకోకుండా నా పక్కన బురదలో కూర్చున్నారు. "గోడ ఎండబెట్టింది నేను. ఇందులో నీ తప్పు లేదు. బిడ్డ విషయంలోనూ లేదు" అన్నారు. అంతకుముందు ఎవరూ నాతో ఆ మాట అనలేదు.

పగుళ్ల మీద మళ్లీ సిమెంటు పూత పూశాం. ఈసారి గోడంతా గోనెపట్టాలు కప్పాం. రోజూ తెల్లారగానే నా తలుపు దగ్గర ఆవిడ గొంతు వినిపించేది. "గోడ ఆరిపోతోందమ్మా, లేచి తడి పెట్టు." లేచేదాన్ని. గోడ గట్టిపడ్డాక కూడా చాలా రోజులు అలాగే లేపారు. ఇక తడి అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

చెరువు నిలిచింది, కలువలు పూశాయి. నాకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు, నా ఎదుట ఇంకొకరిని ఎత్తనివ్వలేదు.

మంగళవారం కుళాయి రాలేదు. ఆవిడ చివరి స్నానానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చెరువు నీళ్లే బిందెలతో ముంచి తెచ్చారు. కోడలివి, నువ్వూ పొయ్యమ్మా అన్నారు. పాదాల మీద పోశాను. మళ్లీ ముంచి పోశాను. "ఇక చాలమ్మా" అని ఎవరో నా భుజం పట్టుకున్నారు. ఆవిడ మడమల కింద నేల అప్పటికే నల్లగా నానిపోయింది. నేను ఇంకో చెంబు ముంచాను.