సుగుణత్తకి డ్రైవు లేదు

పదో తరగతి మధ్యలో నేను బడి మానేశానని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు గాని, నిజానికి బడే నన్ను మానేసింది. నేను మర్యాదస్తుణ్ణి గనక గేటు దాకా వెళ్ళి దాన్ని సాగనంపి వచ్చాను. అలాంటి నేను మొన్న ఆదివారం గుడివాడలో మా ఇంటి హాల్లో చాప పరుచుకుని, ఒక పక్క మా అమ్మాయి చదువు కోసం కొన్న కొత్త కంప్యూటరు, ఇంకో పక్క అటక మీంచి దింపిన పాత కంప్యూటరు డబ్బా పెట్టుకుని, చెవి సందున స్క్రూడ్రైవరు దోపుకుని కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు చూస్తే ఇంజనీరనే అనుకోవాలి. పాత డబ్బా పక్క రేకు ఊడదీయగానే లోపల్నుంచి వాసన కొట్టింది: కాలిన దుమ్ము, తుప్పు, ఎండిపోయిన బల్లి గుడ్ల పెంకులు, ఎప్పుడో దారి తప్పి లోపలికెళ్ళి అక్కడే ఉండిపోయిన చీమలు. వీటన్నిటి అడుగున బియ్యప్పిండి వాసన కూడా ఉన్నట్టు నాకనిపించింది. ఉండటానికి వీల్లేదు. నా మొహంలో రంగు మారడం మాత్రం మా అమ్మాయి చూసేసింది.

ఆ డబ్బా మా ఇంటికొచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. నందివాడ దగ్గర వరి పండించే పెదనాన్న, ఆఫీసులో గుమాస్తాగా చేసే నాన్న, ఇద్దరి సంసారాలూ ఒకే కప్పు కింద, ఒకే వంటింట్లో నడిచేవి. చెరువుల మీంచి గాలి తిరిగితే చేపల వాసన హాలు దాకా వచ్చేది. ఆ హాల్లోనే, దేవుడి పటాల కింద, కంప్యూటరుకి చోటిచ్చారు. నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, పెదనాన్న కొబ్బరికాయ కొట్టాడు, ఆ నీళ్ళు కీబోర్డులోకి చిమ్మి మొదటి రోజే రెండు అక్షరాలు పని మానేశాయి. తెరని మేమందరం టీవీ అనేవాళ్ళం, కింది పెట్టెని డబ్బా అనేవాళ్ళం, రెంటికీ కలిపి అమ్మ కుట్టిన పూల గుడ్డ ముసుగు ఉండేది. వేసవిలో ముంజలు తిన్న చేత్తో మౌసు ముట్టుకోకూడదని ఆంక్ష. చలికాలంలో పెదనాన్న తేగలు వలుచుకుంటూ కంప్యూటరులో పేకాట ఆడితే ఆ పీచంతా మీటల సందుల్లో ఇరుక్కునేది, నేను పిన్నీసుతో తీసేవాణ్ణి. వానాకాలం మరీ సందడి: కరెంటు పోగానే కింద యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలెట్టేది, వంటింట్లోంచి, పెరట్లోంచి, ఆఖరికి స్నానాలగదిలోంచి కూడా ఎవరో ఒకరు సేవ్ చెయ్యమని కేకేసేవాళ్ళు. ఏం సేవ్ చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. ఆ అరుపు ఆగేలోపల ఏదో ఒకటి కాపాడాలన్న ఆత్రం మాత్రం అందరికీ ఉండేది.

లెక్కల్లో సున్నాకి దగ్గర చుట్టంగా మసలే నేను ఇంట్లో కంప్యూటరు పండితుణ్ణయ్యాను, ఎందుకంటే దాన్ని ముట్టుకోవడానికి భయపడనివాణ్ణి నేనొక్కణ్ణే. స్నేహితుడి అన్నయ్య దగ్గర హార్డ్ డిస్కుని భాగాలు చెయ్యడం నేర్చుకుని, ఒక మధ్యాహ్నం పని కానిచ్చి, పార్టిషన్ అయిపోయిందనీ, కంప్యూటరు సొంతానికి సి పోగా పెదనాన్నకి డి, నాన్నకి ఇ, పిల్లలకి ఎఫ్ వచ్చాయనీ హాల్లోంచే చాటింపు వేశాను. నాయనమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. ఆవిడకి ఇంగ్లీషు రాదుగాని ఆ ఒక్క మాటా బాగా తెలుసు, ఎందుకంటే ఆవిడ అన్నదమ్ముల పార్టిషన్ దావా బందరు కోర్టులో ఏళ్ళ తరబడి నడిచి, ఆవిడ పుట్టింటి గడప మూసేసింది. చేట పక్కన పెట్టి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

“నేను బతికుండగానే పంచుకున్నార్రా?”

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. నీ వాటా మాత్రం తేలలేదు నాయనమ్మా అని ఇంకో ముక్క తగిలించాను. ఆవిడ మధ్యాహ్నం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని అమ్మ చెప్పాక గాని నేను నోరు విప్పలేదు. చేలోంచి వచ్చిన పెదనాన్న చెయ్యి విప్పాడు, ఆ పూట నా వీపు మీద కూడా పార్టిషన్ పడింది. అందరూ నవ్వారు, నాయనమ్మతో సహా. అదీ మా ఇంట్లో నాకున్న వరం: ఏ తప్పు చేసినా నవ్వొచ్చేలా చేస్తే సగం మాఫీ.

నవ్వు ఆగాక నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, మరి సుగుణకేదీ అని అడిగింది. ఇంట్లో ఇంతమందిలో ఆ ప్రశ్న ఆవిడకే తట్టింది. సుగుణత్త నాన్నకి చెల్లెలు. పెళ్ళి కుదరక కాదు, తనకే వద్దనిపించి మాతోనే ఉండేది. ఒక ప్రైవేటు బళ్ళో డ్రాయింగు చెప్పేది. నా నోటికి తాళం వెయ్యగలిగిన నోరు ఊళ్ళో ఆవిడదొక్కటే. అత్తకి గదెందుకు నాయనమ్మా, బడి కాగితాలేగా, వాకిట్లో పెట్టుకుంటుందిలే అన్నాను. వాకిలంటే డెస్క్‌టాప్. కంప్యూటరు తెరవగానే ఎదురుగా కనిపించే ఆ జాగాకి పేరు పెట్టింది నేనే, అత్తని అక్కడ కూర్చోబెట్టిందీ నేనే. వాకిలైతేనేం, వెలుతురు బాగుంటుంది అంది అత్త.

బడి కాగితాలు కావవి. కంప్యూటరులో బొమ్మలు గీసే పెయింటులో అత్త ముగ్గులు వేసేది. బడినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మిరపకాయ బజ్జీ ఒకటి నాకిచ్చి ఒకటి తను తిని, చేతులు చీర కొంగుకి శుభ్రంగా తుడుచుకుని, నాలిక్కొన పళ్ళ మధ్య పట్టుకుని, మౌసుతో ఒక్కో చుక్కా పెట్టేది. నేల మీద పిండి వదిలితే గీత దానంతటది ఒంపు తిరిగే చెయ్యి, ఆ మౌసుతో మాత్రం బలపం పట్టడం నేర్చుకునే పిల్లలా తడబడేది. తప్పిన గీతని మళ్ళీ మొదట్నుంచీ వేసుకునేది. మెలికల ముగ్గులు, నెమళ్ళు, తామరలు, తనే కల్పించిన చేపల ముగ్గు ఒకటి, వానాకాలం పొడుగునా ఒక్కొక్కటిగా వచ్చి తెర నిండిపోయింది. పెదనాన్న పేకాట బొమ్మ వాటి మధ్య ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ ముగ్గులకి బందరులో ఒక ప్రెస్సు ఆయన మాటిచ్చాడు. నెలగంట పెట్టేలోపు, అంటే ధనుర్మాసం ముగ్గులు మొదలవకముందే, అన్నీ ఒక సీడీలో ఎక్కించి తెస్తే చిన్న పుస్తకం వేస్తానన్నాడట, అట్ట మీద పేరుతో. అత్త ఆ రోజు బందరు నుంచి హల్వా పట్టుకొచ్చింది. నేతి చుక్కలు అంటిన ఆ పొట్లం విప్పుతూ ఈ సంగతి చెప్పిన తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది, ఎందుకంటే అంతకుముందు గాని ఆ తర్వాత గాని ఆవిడ ఏ సంగతీ అంత సిగ్గుపడుతూ చెప్పలేదు. మర్నాటి నుంచి ముగ్గుల మధ్య కొత్త బొమ్మలు మొదలయ్యాయి. అన్నిటిలోనూ ఒకటే మాట, సుగుణ అని, ఒకసారి ఎర్రగా, ఒకసారి పసుపు పచ్చగా, ఒకసారి చుట్టూ తీగెతో. ఏ రంగు బాగుందో అందర్నీ అడిగేది. నేను ఏ రంగూ ఆవిడ పేరుకి నప్పలేదన్నాను.

కార్తీకమాసంలో నేను స్నేహితుడి దగ్గర ఆటల సీడీ ఒకటి తెచ్చి పెట్టాను. వారం తిరక్కుండా కంప్యూటరుకి జబ్బు చేసింది. దానంతటది ఆగిపోయేది, దానంతటది లేచేది, పెదనాన్న పేకముక్కలు సగంలో గడ్డకట్టేవి. సి డ్రైవు తుడిచేసి సిస్టమ్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుందని తేల్చాను. సి లో ఎవరి సామానూ లేదు, వాటాలు పంచినవాణ్ణి నాకు తెలియదా? అత్త తల దువ్వుకుంటూ వచ్చి, నావి పోవుగా అని అడిగింది. అవి ఉన్నది డి కాదు, ఇ కాదు, ఎఫ్ కాదు. ఎదురుగా టీవీ మీద కనిపిస్తున్నాయి. కాబట్టి టీవీలోనే ఉంటాయని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

“నీవి టీవీలో ఉన్నాయత్తా, డబ్బాలో కాదు. నువ్వెళ్ళి జడేసుకో,” అన్నాను.

ఆవిడ వెళ్ళి జడ వేసుకుంది.

నీలం తెర మీద గీత నెమ్మదిగా నిండింది. అదయ్యాక టీవీలో పచ్చటి కొండ, పైన ఆకాశం, తెల్లటి మబ్బులు, కింద ఓ మూల చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే. ఇల్లంతా చూడ్డానికొచ్చింది, బాగయిందని నాన్న భుజం తట్టాడు. అత్త వెనక నిలబడి చూస్తోంది. టీవీలో సరిగ్గా చూశావా అంది. చూశాను. ఆవిడ ముందుకొచ్చి, కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది, దుమ్ము వెనక ఉంటాయన్నట్టు. తర్వాత టీవీ వెనక్కి తొంగి చూసింది. అందరూ నా వైపు చూస్తున్నారు. నాకు జవాబు తెలియదు, తెలియదనడం అంతకన్నా తెలియదు.

“ముగ్గన్నాక పొద్దున్నే చీపురుతో ఊడ్చెయ్యరా అత్తా? కొత్తది వేసుకో.”

పెదనాన్న పడీపడీ నవ్వాడు. నాన్న నవ్వాడు. అందరూ నవ్వుతుంటే బాగుండదని కాబోలు, అత్త కూడా పెదాలు కదిపింది. నాయనమ్మ మాత్రం లేచి లోపలికెళ్ళిపోయింది.

కొత్తది వేసుకోవడానికి వ్యవధి లేదు. ప్రెస్సు ఆయన ఇంకెవరిదో పుస్తకం వేశాడు. నెలగంట పెట్టిన రోజు తెల్లారి మంచు ఇంకా విడవకముందే అత్త వాకిట్లో పేడనీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, గీతలు కలపకుండానే పిండి గిన్నె గట్టు మీద పెట్టి బడికెళ్ళిపోయింది. చుక్కలు అలాగే ఉంటే ఇంటికి మంచిది కాదని నాయనమ్మ మోకాళ్ళ నొప్పితో వంగి, వణికే చేత్తో వాటిని కలిపింది. ఆ రోజు మా వాకిట్లో ముగ్గు వంకరగా ఉంది. వేసవి సెలవులయ్యాక అత్తకి అవనిగడ్డలో బడి దొరికింది, అక్కడే ఇల్లు తీసుకుంది. మళ్ళీ ఏ కంప్యూటరూ ముట్టుకోలేదు.

వాకిలి కూడా సి డ్రైవులోదేనని అప్పటికి నాకు తెలియదు, ఫైళ్ళు పోవడం తెలియనితనం. నన్ను సిగ్గుతో చంపేది అది కాదు, ఆ తర్వాత ఆ మాటకి పట్టిన వైభవం. ఏ పెళ్ళికెళ్ళినా భోజనాల బంతిలో ఎవరో ఒకరు, ఒరేయ్ ఆ ముగ్గు మాట చెప్పరా అనేవాళ్ళు. నేను చెప్పేవాణ్ణి. నాయనమ్మ పార్టిషన్ ముందు, అత్త ముగ్గు తర్వాత, వరస కూడా కుదుర్చుకున్నాను. ఒకసారి అత్త అదే బంతిలో అప్పడాలు వడ్డిస్తోంది. నేను ఆపలేదు, ఆవిడ నా విస్తట్లో అప్పడం వేసి ముందుకెళ్ళింది. చదువు లేనివాడికి సభలో దొరికిన కుర్చీ అది. దాని కోళ్ళ కింద ఏముందో చూస్తే లేవాల్సొస్తుందని చూసేవాణ్ణి కాదు.

మొన్న ఆదివారం పాత హార్డ్ డిస్కుని కొత్త కంప్యూటరుకి తగిలించి, పోయినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రాము నడిపాను. గరగరలాడి, నా ఆటలన్నీ తెచ్చి నా ముందు పోసింది. ముగ్గు ఒక్కటీ రాలేదు. డ్రైవులు ఎవరెవరికి ఎలా పంచాలా అని నేను కాగితం తీస్తే మా అమ్మాయి నవ్వింది. ఇప్పుడెవరూ భాగాలు చెయ్యరు నాన్నా, ఎవరి ఫోను వాళ్ళది, అన్నీ ఎక్కడో పైన ఉంటాయి అంది. నిజమే. పూల ముసుగు లేదు, యూపీఎస్ కీచుమంటే నాలుగు గదుల్లోంచి వచ్చే కేకలు లేవు, ఇద్దరన్నదమ్ముల సంసారాలూ పోట్లాడకుండానే రెండిళ్ళకి సర్దుకున్నాయి, గుమ్మంలో నేల మీద తుడిస్తే పోని స్టిక్కరు ముగ్గు అంటించి ఉంది. అయినా ఒక భాగం చేశాను. దానికి సుగుణ అని పేరు టైపు చేసి, అవనిగడ్డకి ఫోను చేశాను. నవ్వించే మాట ఒక్కటీ నోటికి రాక, అత్తా, కొత్త కంప్యూటరులో నీకో డ్రైవు పెట్టాను, ఎంత జాగా కావాలో చెప్పు, అన్నాను.

“జాగా సంగతి తర్వాత చూద్దాంలే అబ్బాయ్. చీపురెవరి చేతిలో ఉందో ముందది చెప్పు.”