కాలువ కట్టి ఉంటే తేదీ చెప్పకూడదు

మా మేనకోడలు బందరులో కలంకారీ బట్టలు అమ్ముతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లతో మాట్లాడి ఆర్డర్లు తీసుకోవడానికి ఒక ఏఐ ఏజెంటును పెట్టుకుంది. దాని చేతికి కొన్ని టూల్స్ ఇచ్చింది. ఒకటి స్టాకు చూస్తుంది, ఒకటి డెలివరీ తేదీ లెక్క కడుతుంది, ఇంకొకటి ఆర్డరు నమోదు చేస్తుంది. ఏది ఎప్పుడు వాడాలో ఏజెంటే నిర్ణయించుకుంటుంది. అందుకు ఆధారం ఒక్కో టూల్ కింద మనం రాసిపెట్టే రెండు మూడు వాక్యాలే.

"మీరు రోజూ డైరీ రాస్తారుగా మావయ్యా, ఓసారి చూసి పెట్టండి," అంది. కాలేజీ ఆఫీసులో రిటైరయ్యాక నాకు పెద్ద పనేముంది? చూశాను. తేదీ చెప్పే టూల్ కింద, 'కొనేవారి ఊరు, చీరల సంఖ్య ఇస్తే అందే తేదీ చెబుతుంది' అని ఉంది. బాగానే ఉందన్నాను.

వేసవిలో గుడివాడ చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్లు వార్షికోత్సవానికి అందరికీ ఒకే రకం చీరలు అడిగారు. ఆమెకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు అది. ఏజెంటు ఆ వేడుకకి ముందే అందుతాయని తేదీ చెప్పి ఆర్డరు తీసుకుంది. సంగతి తెలిసి అద్దకం మేస్త్రి షాపుకే వచ్చాడు.

"మీ ఏజెంటుది ఏ ఊరమ్మా? బందరు మాత్రం కాదు. కాలువలో చుక్క నీళ్లు లేకుండా బట్ట ఎక్కడ జాడించమంటావ్, మీ ఇంటి బకెట్లోనా?"

అచ్చు వేసి ఉడికించిన బట్టను పారే నీళ్లలో జాడిస్తేనే రంగు తేలుతుంది. వేసవిలో నీళ్లు వదలకుండా కాలువలు కట్టేస్తే ఆ పని ఆగిపోతుంది. ఇక్కడ పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ల నా డైరీల్లోనూ కాలువ కట్టిన సంగతి ఒక్కసారి రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అని.

మేనకోడలు క్వయర్ పెద్దావిడకు ఫోన్ చేసింది. స్పీకర్లో ఆవిడ గొంతు గట్టిగానే వినిపించింది. "మొన్ననే చెబితే వేరే చోట చూసుకునేవాళ్లం కదమ్మా! ఇప్పుడు స్టేజీ మీద తలొక రంగుతో నిలబడమంటావా?" మర్నాటి దాకా చూస్తామని, కుదరకపోతే ఆర్డరు వద్దని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని, 'కాలువ కట్టి ఉంటే తేదీ చెప్పకూడదు' అని, ఇప్పుడు కట్టే ఉందని ఆ టూల్ కింద చేర్చాం. పొద్దున్నే అవనిగడ్డ నుంచి ఒకావిడ, షాపులో మడతపెట్టి ఉన్న దుప్పటా ఎప్పుడొస్తుందని అడిగితే, కాలువలో నీళ్లు లేవు, చెప్పలేనంది ఏజెంటు.

"ఉన్నది కూడా అమ్మనంటోంది మావయ్యా!" మేనకోడలు తల పట్టుకుంది.

మళ్లీ రాశాం. 'కొత్తగా అద్దాల్సిన బట్టకు తేదీ అడిగితే ముందు కాలువలో నీళ్లున్నాయో లేదో చూడాలి. లేకపోతే తేదీ చెప్పకూడదు, కారణం చెప్పాలి, తయారుగా ఉన్నవి చూపాలి. తయారుగా ఉన్న బట్టకు కాలువతో పనిలేదు.' కాలువ సంగతి చూడటానికి ఇంకో టూల్ పెట్టాం. అందులో నీళ్లున్నాయనో లేవనో రోజూ మార్చే పని నేను తీసుకున్నాను. ఎలాగూ పొద్దున్నే అటు నడకకు వెళ్తాను.

మధ్యాహ్నం క్వయర్ పెద్దావిడ ముందు మాకు ఫోన్ చేయలేదు. ఈసారైనా నిజం చెబుతుందేమో చూద్దామని ఏజెంటునే అడిగిందట. కొత్త చీరలకు తేదీ చెప్పలేనని అది ఒప్పుకుంది. తయారుగా ఉన్న, అన్నీ ఒకే రంగు ఎర్ర అంచు చీరలు చూపించింది. అందరికీ సరిపడా ఉన్నాయి కానీ డిజైన్లు వేరు. అప్పుడు ఆవిడ మేనకోడలికి ఫోన్ చేసింది.

"పంపించెయ్యమ్మా. రంగు ఒకటేగా. డిజైను దూరానికి కనబడదులే."

వార్షికోత్సవానికి మేమిద్దరం గుడివాడ వెళ్లాం. మూడో వరసలో కూర్చున్నాం. ఒక చీర మీద చిలకలు, పక్కదాని మీద తీగలు, ఆ పక్కన మామిడి పిందెలు. అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మేనకోడలు పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు.