ఒకే పేరు ఒక్కసారే

రెండు వేలు దాటి, ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లు తెరుచుకున్న రోజుల్లో బందరులో మేమిద్దరం వెబ్‌సైట్లు కట్టే చిన్న ఆఫీసు నడిపేవాళ్ళం. నా భాగస్వామికీ నాకూ చుట్టరికమేమీ లేదు, అయినా బావా అనే పిలిచేవాణ్ణి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ షాపులకీ, గుడివాడ ట్యుటోరియల్ కాలేజీలకీ సైట్లు చేసి పొట్టపోసుకునేవాళ్ళం.

ఓసారి నాగాయలంక నుంచి రిటైరైన మాస్టారొకాయన వచ్చారు. డెబ్భై ఏడు నాటి దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లన్నీ ఊరికో వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆయన కోరిక.

"చెప్పేవాళ్ళు కూడా పోతున్నారయ్యా. శవం దొరకనోళ్ళకి పేరన్నా ఒకచోట ఉండాలిగా," అన్నారు.

ఇన్ని సైట్లను దేనిమీద నడపాలన్న దగ్గర మా ఇద్దరికీ తగువు. ఊరికో డేటాబేస్ విడిగా ఉండాలని నేను, ఒకటి పాడైతే మిగతావి బతుకుతాయని. బావ వింటేగా! ఉచితంగా దొరికే సిస్టమ్ ఒకటి ఎంచి, ఊళ్ళన్నిటికీ అదే, డేటాబేసూ ఒకటే అన్నాడు. సైట్లు పెట్టడానికి మేం అద్దెకి తీసుకున్న హోస్టింగ్‌లో ఇచ్చే డేటాబేసు కూడా ఒక్కటే కాబట్టి అతని మాటే నెగ్గింది. పైగా అతనికి శుభ్రం పిచ్చి. పోయిన మనిషి పేరు అన్న ఒకసారి, మేనత్త ఒకసారి చెబుతారని, ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ కలిస్తే రెండోసారి ఎక్కకుండా నియమం పెట్టాడు. వయసులు ఎవరికీ సరిగ్గా తెలియవని అసలు అడగనేలేదు. కాగితాలెందుకు, చెబుతుంటే నేరుగా కంప్యూటర్లోకే ఎక్కిద్దామన్నదీ అతనే. తాత పేరు మనవడికి పెట్టుకునే చోట పుట్టి, తానూ తాత పేరే మోస్తూ, ఆ నియమం పెట్టాడు మహానుభావుడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళన్నిటి పేర్లూ ఎక్కించడం అయ్యాక, నాగాయలంక ఇంటర్నెట్ సెంటర్లో మాస్టారు ఒక్కొక్క ఇంటివాళ్ళనీ పిలిచి వాళ్ళల్లో పోయినవాళ్ళ పేర్లు చదివి వినిపించారు. యాభై దాటినావిడ ఒకరు పక్కింటి పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ మావగారూ, మూడేళ్ళ కొడుకూ ఉప్పెనలో కొట్టుకుపోయారు. ఇద్దరూ దొరకలేదు. మాస్టారు మావగారి పేరు చదివి ఆగారు.

"మరి నా పిల్లాడిదండీ?" అంది.

మాస్టారు స్క్రీన్ పైకీ కిందకీ జరిపి చూశారు. లేదు.

"అప్పుడు చెప్పలేదేమోనండీ," అన్నాడు బావ.

పెద్దాయనకి కోపం వచ్చింది. "చెప్పింది నేనేనయ్యా! మావగారి పేరు కోడలు పలకదు కదా, అందుకనే నేనొచ్చి రాయించా. తాతదీ మనవడిదీ ఒకటే పేరు."

ఆవిడ మాత్రం కోప్పడలేదు. "ఉప్పెనప్పుడు రాసుకోటానికి వచ్చినాయన కూడా ఇట్టాగే ఒకటి కొట్టేశాడండీ. ఒకే పేరు రెండుసార్లు చెప్తున్నావేంటయ్యా అన్నాడు ఈయన్ని."

బావ అక్కడికక్కడే ఆ నియమం తీసేశాడు, ఎంతోసేపు పట్టలేదు. కానీ అప్పటిదాకా వెనక్కి నెట్టిన పేర్లను సిస్టమ్ ఎక్కడా దాచలేదు. నెట్టేశానని మాటమాత్రం చెప్పనూ లేదు. ఏ ఊళ్ళో ఎంతమంది పిల్లలు తాతల వెనక మాయమైపోయారో మాకు తెలియదు. మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే, చెప్పినవాళ్ళలో కొందరు ఈలోగా కాలం చేశారు. నాకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడే ఎక్కిస్తానమ్మా," అని కీబోర్డు ముందు కూర్చుని, పేరు చెప్పమని పెద్దాయన వైపు తిరిగాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చెప్తానండీ. ఇంకోళ్ళు చెప్తే మా మావగారిదే అనుకుంటున్నారు."

కొడుకుని ఎప్పుడూ బుజ్జిగాడనే పిలిచేదట. మావగారి పేరు కావడాన, కన్నబిడ్డ పేరు ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు. ఇప్పుడు లేచి నిలబడింది. స్క్రీన్ మీదున్న మావగారి పేరుకి దణ్ణం పెట్టుకుంది. తర్వాత, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి బువ్వకి పిలిచినట్టు, గట్టిగా ఆ పేరు అంది.

నేను ఎక్కించాను. తాత కింద మనవడు కనిపించాడు. మాస్టారు పైకి చదివారు.

ఆవిడ నా భుజం మీదుగా వంగి, తనకి చదవడం రాని ఆ అక్షరాల్ని వేలితో తాకింది.

"మళ్ళీ పోడుగా అండీ?" అంది.