లంకకు వచ్చేవాళ్ళకు నాన్నగారు చెప్పే జాగ్రత్తలు

కొల్లేటి మధ్యలో ఉన్న మా లంకకు కొత్తవాళ్ళెవరు బయలుదేరుతున్నా నాన్నగారు ముందుగా జాగ్రత్తలు చెప్పి పంపేవారు. ఏలూరులో రైలు దిగగానే అన్నం తినెయ్యండి, తర్వాత దారిలో ఏమీ దొరకదు. దోనెలో నిలబడకండి, అడుగున చతికిలబడండి. గొడుగు తెరవకండి, గాలికి దోనె తిరగబడుతుంది. మధ్యాహ్నం గాలి లేవకముందే గట్టు వదలండి. ఇంత చెప్పి, చివర ఒక వింత మాట కలిపేవారు. "బురదలో నడవలేకపోతే ఎవరి వీపెక్కి వస్తారో ముందే కబురు చెయ్యండి." విన్నవాళ్ళు నవ్వేవారు. మా ఇంట్లో ఎవరమూ నవ్వేవాళ్ళం కాదు.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి సంగతి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వానాకాలంలో మా ఇంటి అరుగు దాకా దోనె వచ్చేది. ఎండలు ముదిరాక నేల గట్టిపడి బండ్లు నడిచేవి. ఈ రెండింటికీ మధ్య కొన్ని వారాలు ఎటూ కాకుండా ఉండేవి. దోనెకు నీళ్ళు చాలవు, బండికి నేల ఆగదు, అంతా మోకాళ్ళు దాటిన బురద. నెలలు నిండకుండానే తమ్ముడు పుట్టింది సరిగ్గా అలాంటప్పుడే, తొలకరి వానలకు నేల నానిన రోజుల్లో. పురిటికి తాడేపల్లిగూడెంలో పుట్టింటికి వెళ్ళాల్సిన అమ్మ ఇక్కడే కన్నది.

కబురు అందిన మర్నాడే అమ్మమ్మ బయలుదేరింది. కూతుర్నీ మనవణ్ణీ చూడాలనుకున్నాక ఒకరు ఆపితే ఆగే మనిషి కాదు. రైల్లో ఏలూరు, అక్కణ్ణించి బండిలో పెదపాడు మీదుగా కొల్లేటి గట్టు. మా దిబ్బ మీంచి చూస్తే బండీ, పక్కన ఆవిడ చీరా కనిపించాయి. ముఖం ఆనలేదు. పచ్చి బాలింతరాలు అమ్మ, ఎంతమంది వారించినా వినకుండా, పిల్లవాడితో వాకిట్లోకి వచ్చి నిలబడింది.

చేపలమ్మే పక్కింటావిడ, "నేనెళ్ళి తీసుకొస్తానండీ, నేనైతే ఆడదాన్ని" అంది. నాన్నగారు ఒప్పుకోలేదు. "అత్తగారు మొదటిసారి మన గడప తొక్కుతుంటే ఇంకొకర్ని పంపడం ఏం మర్యాద?" అని పంచె ఎగ్గట్టి తనే బురదలో దిగారు. మర్యాదట! ఇప్పటికీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మమ్మ అల్లుడి ఎదుట పడి ఎరగదు. ఆయన వస్తుంటే లేచి తలుపు చాటుకు వెళ్ళిపోయేది. ఆ గట్టు మీద చాటుకు బండి తప్ప ఏముంది? దాని వెనక నిలబడిందట. నాన్నగారు వీపు వంచి, "ఏం ఫర్వాలేదండీ అత్తయ్యగారూ, ఎక్కండి" అన్నారట. ఆవిడ జవాబు బండివాడికి చెప్పింది.

"అల్లుడుగారి వీపెక్కడమా! ఇంకేమైనా ఉందా? నీళ్ళొచ్చాక వస్తానని చెప్పు బాబూ."

"పోనీ, పక్కింటావిణ్ణి పంపుతానండీ, కాస్త ఆగండి" అని నాన్నగారు బతిమాలారు. అప్పటికే ఆవిడ సిగ్గుతో చితికిపోయి బండెక్కేసింది. బాలింతకని తెచ్చిన కాయం, నెయ్యి, మెత్తటి పాతచీరలు మూటగట్టి బండివాడిచేత గట్టు మీద పెట్టించింది.

బండి వెనక్కి తిరుగుతుంటే అమ్మ తమ్ముణ్ణి రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. "అమ్మా, ఇటు చూడవే!" అని అరిచింది. వినబడే దూరం కాదు. ఒళ్ళంతా బురదతో, మూట నెత్తిన పెట్టుకుని నాన్నగారు తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా అక్కడే ఉంది. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో.

ఆ శ్రావణంలోనే అమ్మమ్మ పోయిందని కబురొచ్చింది. కొల్లేరు నిండుగా ఉంది. మా అరుగు దగ్గరే దోనె ఎక్కాం. గాలి కూడా లేదు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అడుగున కూర్చుంది, నాన్నగారు గడ వేశారు. గట్టు చేరేదాకా మా ఎవరి కాలికీ చెమ్మయినా అంటలేదు.